పెరటి కోళ్లకు త్రాగునీటి ఏర్పాటు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలలో, గ్రామ పరిశ్రమల దినమున చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, చరిత్రను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నాకు మాత్రము కార్యవర్గమువారు కోళ్లకు నీరు పెట్టుటను గూర్చి మాట్లాడుమని ఆజ్ఞాపించిరి. ఈ మాట విని నవ్వినవారు కొందరున్నారు. కోడికి నీరు పెట్టుటకు ప్రసంగమెందుకు, మూకుడు చాలదా అని వారి అభిప్రాయము. నేనును ఒకప్పుడు అట్లే తలచినవాడను. ఆ తలంపునకు నేను చెల్లించిన మూల్యమెంతయో ఈ ప్రసంగము మధ్యలో మనవి చేసెదను. అది విన్న పిదప నవ్వదలచినవారు నవ్వవచ్చును.

మన నార్సింగి నేడు పూర్వపు నార్సింగి కాదు. 2018లో పురపాలక సంఘమైనది. వెలుపలి వలయ రహదారి మన ప్రక్కనుండియే పోవుచున్నది. కోకాపేట వైపు తలయెత్తి చూచిన మెడ నొప్పి పుట్టునంతటి భవనములు లేచినవి. అయినను పాత ఊరిలో ఇంకను పెరళ్లున్నవి, గోడవార కోళ్ల గూళ్లున్నవి, తెల్లవారుజామున పుంజు కూయుచునే యున్నది. కొత్తగా వచ్చి ఇండ్లు కట్టుకొన్నవారిలో సైతము నాలుగు పెట్టలను పెంచుకొనవలెనను ముచ్చట గలవారు కనబడుచున్నారు. పాతవారికి అలవాటున్నది గాని పద్ధతి మారినది తెలియదు. కొత్తవారికి అంగడిలో దొరకు సామగ్రి తెలియును గాని కోడి స్వభావము తెలియదు. ఈ ఇరువురకును ఉపయోగించునట్లు నాలుగు మాటలు చెప్పుటయే నా ఉద్దేశము.

నీటి ఊరివారము

మనకు నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తిన పిమ్మట, వరదను ఆపుటకును, నగరమునకు మంచినీరు ఇచ్చుటకును మన సమీపమున గండిపేట వద్ద ఉస్మాన్ సాగరమును నిర్మించిరి. అది 1920లో పూర్తియైనది. 1927లో హిమాయత్ సాగరము వచ్చినది. గండిపేట నీరు త్రాగినవాడు ఈ ఊరు విడువడని సామెతయే పుట్టినది. ఇంత నీటి చెంతనున్న మనము పెరటిలోని పెట్టకు నీరెట్లు పెట్టవలెనో ఆలోచించకుండుట భావ్యము కాదు.

మరియొక సంగతి. మనకు కూతవేటు దూరముననే రాజేంద్రనగరమున భారత వ్యవసాయ పరిశోధనా మండలివారి కోళ్ల పరిశోధనా సంస్థ 1988 నుండి పనిచేయుచున్నది. పెరటిలో పెంచుటకు అనువైన వనరాజ, గ్రామప్రియ అను జాతులు అచ్చటనే తయారైనవి. రాజశ్రీ అను జాతి అదే రాజేంద్రనగరములోని పశువైద్య కళాశాల కృషి ఫలము. మన నాటు పెట్ట ఏడాదికి 50, 60 గ్రుడ్లు పెట్టిన గొప్ప. ఈ మెరుగు జాతులు నూరు దాటి పెట్టగలవు. కాని ఎక్కువ గ్రుడ్లు పెట్టు పెట్టకు ఎక్కువ నీరు కావలెను. జాతిని మార్చి మూకుడును మార్చనివారికి ఆ ఫలము దక్కదు.

కోడికి నీరెంత కావలెను?

గ్రుడ్డులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. 55 గ్రాముల గ్రుడ్డు నొకదానిని తీసికొన్నచో అందు 40 గ్రాములకు పైగా నీరు. అనగా పెట్ట ప్రతి గ్రుడ్డుతోను తన శరీరమునుండి అంత నీటిని మనకు ధారపోయుచున్నది. ఆ నీరు దానికి తిరిగి చేరనిచో మరునాటి గ్రుడ్డు ఎచ్చటనుండి వచ్చును?

సాధారణముగా కోడి తిన్న మేత బరువునకు రెండింతల నీరు త్రాగును. ఎదిగిన పెట్టకు చల్లని దినములలో రోజునకు పావు లీటరు చాలును. ఎండలు ముదిరినప్పుడు అర లీటరు వరకును కావలసియుండును. పది పెట్టలున్న ఇంట మామూలు దినములలో రెండున్నర లీటర్లు, రోహిణీ కార్తెలో అయిదు లీటర్లు అని లెక్క వేసికొనవచ్చును. ఒకటిన్నర రోజులకు సరిపడు నీరు పట్టు పాత్ర నుంచుట మేలు.

కోడికి చెమట పట్టదు. మనము చెమటతో ఒడలు చల్లార్చుకొనునట్లు కోడి నోరు తెరచి రొప్పి, లోపలి తేమను ఆవిరిగా వెడలించి చల్లారును. నీరు లేనిచో రొప్పుటకు తేమయే ఉండదు. ఒక్క పూట నీరు తప్పినను గ్రుడ్డు తగ్గును. ఒకటి రెండు దినములు తప్పినచో పెట్ట గ్రుడ్లు మాని ఈకలు రాల్చుటకు ఆరంభించును. మండుటెండలో నైనచో ప్రాణమే పోవును. మేత లేక కొన్ని దినములు బ్రతుకు కోడి నీరు లేక అన్ని దినములు బ్రతుకజాలదు.

కోడి నీరు త్రాగు విధమును మీరు చూచియే యుందురు. పావురమువలె ముక్కు ముంచి పీల్చలేదు. ముక్కు ముంచి, కొంచెము నీరు నోటబట్టి, తల పైకెత్తి గొంతులోనికి జార్చుకొనును. ఇది చిన్న సంగతిగా తోచును గాని పాత్రను ఎన్నుకొనుటయు, దాని ఎత్తును నిర్ణయించుటయు ఈ సంగతిపైననే ఆధారపడియున్నవి.

మూకుడును, దాని దోషములును

మన పెద్దలు మట్టి మూకుడు, పగిలిన కుండ అడుగు, రాతి తొట్టి, కొబ్బరి చిప్ప వాడుచుండిరి. వీనిలో మంచి గుణము లేకపోలేదు. మట్టి పాత్రలో నీరు చెమర్చి చల్లగా నుండును. పాత్ర తేటగా కనబడును. ఖర్చు లేదు. మూడు నాలుగు కోళ్లుండి, పూటపూటకు కడిగి నింపు ఇల్లాలున్న ఇంట మూకుడును నిందింపను.

దోషములు నాలుగు. మొదటిది, కోడి కాలితో గీరుట దాని జన్మ లక్షణము. మట్టియు పెంటయు మూకుటిలో పడును. రెండవది, పాత్ర అంచుపై నిలిచి రెట్ట వేయును. ఒక కోడి రోగము పది కోళ్లకు ఈ విధముననే అంటును. మూడవది, పాత్ర ఒరిగి చుట్టుప్రక్కల బురద యగును. రక్త పారుడు కలిగించు సూక్ష్మజీవి గ్రుడ్లు తేమయు వెచ్చదనమును గల నేలలో ఒకటి రెండు దినములలో బలపడి రోగము నిచ్చు స్థితికి వచ్చును. పొడి నేలలో వాని ఆట సాగదు. నాలుగవది, కాకులు, పిచ్చుకలు, కొంగలు అదే నీరు త్రాగును. పక్షి జ్వరము మన దేశపు కోళ్లలో మొట్టమొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూరున బయటపడినది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాలలో ప్రబలినది. అడవి పక్షులును, ఇంటి కోళ్లును ఒకే పాత్రలో త్రాగకుండ చూచుట ఈ దినములలో కేవలము శుభ్రత కాదు, రక్షణయే.

దోమల మాటయు ఇచ్చటనే చెప్పవలెను. మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ మరుసటి ఏడు కలకత్తాలో పక్షులపై పరిశోధించి, దోమ కాటువలన పక్షినుండి పక్షికి మలేరియా సంక్రమించు విధమును నిరూపించెను. కోళ్లకు వచ్చు మశూచిని సైతము దోమలు వ్యాపింపజేయును. నిలువ నీటిలో దోమ గ్రుడ్డు దోమయగుటకు వారము, పది దినములు చాలును. కావున ఏ పాత్రయైనను రెండు మూడు దినముల కొకసారి పూర్తిగా వంచి, రుద్ది, ఆరబెట్టవలెను. ఇది కోళ్లకే కాదు, ఇంటిలోని పిల్లలకును మేలు.

బోర్లించిన డబ్బా

మూకుటికంటె మెరుగైనది పళ్లెములో బోర్లించిన డబ్బా. అంగడిలో ప్లాస్టికువి రెండు మూడు లీటర్లనుండి దొరకును. ఇంటనే మూతగల పాత డబ్బాతోను, వెడల్పైన పళ్లెముతోను చేసికొనవచ్చును.

దీని కిటుకు గాలి ఒత్తిడిలో నున్నది. డబ్బాకు మూతి దగ్గర చిన్న రంధ్రము చేసి, నీరు నింపి, పళ్లెములో బోర్లింపవలెను. నీరు పళ్లెములోనికి వచ్చి, రంధ్రము మునుగువరకు నిండి నిలిచిపోవును. కోడి త్రాగి మట్టము తగ్గగానే రంధ్రము తేలి, లోనికి గాలి పోయి, ఆ మేరకు నీరు దిగును. కావున రంధ్రము పళ్లెపు అంచుకంటె తప్పక క్రిందనుండవలెను. పైననున్నచో నీరంతయు అంచు దాటి పొరలిపోవును. డబ్బాకు పైభాగమున సన్నని బీట యున్నను అంతే. ఎండలో నుంచినప్పుడును ఈ డబ్బా పొరలును. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి నీటిని వెలికి నెట్టుటయే దానికి కారణము. డబ్బా చెడినదని పారవేయకుడు, నీడకు మార్చుడు.

పళ్లెపు అంచు కోడి వీపు ఎత్తున నుండునట్లు ఇటుకలపై నుంచవలెను. అప్పుడు గీరిన మట్టి పడదు, త్రాగుట కష్టము కాదు. పిల్లలకైనచో పళ్లెము లోతు తక్కువగా నుండవలెను. మొదటి వారమున పళ్లెములో నున్నని గులకరాళ్లు వేసినచో పిల్లలు మునిగి చనిపోవు. ఎదిగిన కోడి యొక్కింటికి పళ్లెపు అంచు సుమారు రెండున్నర సెంటీమీటర్లు చొప్పున నుండవలెనని లెక్క. కాని బలమైన పుంజు ఒకటి పాత్ర కాపు కాచి బక్క పెట్టలను తరుముట అందరెరిగినదే. అందుచేత ఒక పెద్ద పాత్రకంటె రెండు చిన్న పాత్రలు, దూర దూరముగా నుంచుట వివేకము.

ఏబది, నూరు కోళ్లు పెంచువారు గంటవలె వ్రేలాడు తొట్టిని వాడుదురు. దానిని బెల్ డ్రింకరు అందురు. నీరు తగ్గి తొట్టి తేలికపడగానే మీట తెరచుకొనును, నిండి బరువెక్కగానే మూసికొనును. పది కోళ్ల పెరటికి అది అనవసరము.

నిపుల్ పద్ధతి

ఇక నేడు అందరు అడుగుచున్నది నిపుల్ పద్ధతి. గొట్టమునకు క్రిందివైపున చిన్న లోహపు మొన వ్రేలాడుచుండును. కోడి ముక్కుతో ఆ మొనను తాకగానే చుక్క చుక్కగా నీరు నోటబడును. విడువగానే ఆగును. కోడి తల పైకెత్తి నీరు జార్చుకొను జీవి గనుక, తల పైన నీరుండుట దాని స్వభావమునకు సరిపోయినది. నీటిలో పెంట పడదు, అడవి పక్షి ముట్టదు, దోమ చొరదు, నేల తడవదు. ఇన్ని గుణములున్నను అమర్చుటలో పొరపాటు చేసినచో ఇంతకంటె ప్రమాదమైనది లేదు. కనుక అమర్చు విధమును కొంచెము విపులముగా చెప్పెదను.

మొదటి నియమము: మిద్దెమీది నీటి ట్యాంకునుండి గొట్టమును నేరుగా నిపుళ్లకు కలుపరాదు. పది మీటర్ల ఎత్తునుండి దిగు నీటికి చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రాము ఒత్తిడి యుండును. పెరటి నిపులు అంత ఒత్తిడికి ఆగక కారుచుండును, లేదా కోడి ముక్కుతో నెట్టలేనంత బిగియును. గూటి ప్రక్కన మూతగల 20 లీటర్ల బక్కెట్టు నొకదానిని నిపుళ్లకంటె ఒకటి, రెండడుగుల ఎత్తున నుంచి, దానినుండియే నీరివ్వవలెను. మిద్దె ట్యాంకునుండి ఆ బక్కెట్టును నింపదలచినవారు మరుగుదొడ్డి ట్యాంకులో నుండునట్టి ఫ్లోటు బంతిని అమర్చుకొనవచ్చును.

రెండవ నియమము: బక్కెట్టుకు రంధ్రము అట్టడుగున గాక రెండు వ్రేళ్లు పైన చేయవలెను. మడ్డి అడుగున నిలిచిపోవును. రంధ్రము లోపలివైపు పలుచని గుడ్డయో, జల్లెడయో కట్టవలెను. మన బోరు నీరు కఠినమైనది. రాతినేలలోని సున్నము గిన్నెలకు తెల్లగా పట్టుట మీరెరిగినదే. నిపుల్ మొనకును అట్లే పట్టి, మొన బిగిసిపోవును. నెలకొకసారి నిపుళ్లను విప్పి నిమ్మరసము గాని వెనిగరు గాని కలిపిన నీటిలో నానబెట్టి కడుగవలెను.

మూడవ నియమము: గొట్టము మట్టముగా నుండవలెను. నడుమ వంకర తిరిగి పైకి లేచిన చోట గాలి చిక్కుకొని, ఆవలి నిపుళ్లకు నీరందదు. గొట్టము చివర బిరడా కొట్టివేయక చిన్న కుళాయి పెట్టవలెను. వారమునకొకసారి దానిని తెరచి, నీటిని ధారగా పోనిచ్చినచో గాలియు, పాచియు కొట్టుకొనిపోవును. వెలుతురు చొచ్చు తెల్లని గొట్టములో పాచి పెరుగును. చొరనిదానిని ఎన్నుకొనుడు. అయితే నల్లని గొట్టము ఎండను పీల్చును. అందుచేత గొట్టమెప్పుడును నీడలోనే సాగవలెను.

నాలుగవ నియమము: ఎత్తు. పిల్లలకు మొదటి దినమున నిపుల్ మొన కంటి ఎత్తున నుండవలెను. ఆ పిమ్మట పెరిగినకొలది లేపుచుండవలెను. ఎదిగిన కోడి మెడను కొంచెము సాచి, తలయెత్తి త్రాగవలెను. కాలి వ్రేళ్లపై లేవనక్కరలేదు, మెడ వంపనక్కరలేదు. చిన్నవి పెద్దవి కలిసియున్న గూటిలో చిన్నవానికి వేరుగా పళ్లెము నుంచవలెను.

అయిదవ నియమము: ఒక నిపుల్ ఎనిమిది, పది కోళ్లకు చాలునందురు. అయినను నాలుగు పెట్టలున్న ఇంటనైనను రెండింటికి తక్కువ పెట్టరాదు. ఒకటి బిగిసినచో రెండవది ప్రాణము నిలుపును.

ఆరవది అన్నింటికంటె ముఖ్యము. పాత పాత్రను వెంటనే తీసివేయరాదు. కోళ్లు కొత్త పద్ధతిని నేర్చుకొనుటకు రెండు మూడు దినములు పట్టును. మొన చివర మెరయు నీటి బొట్టును చూచి పొడుచుట వాని స్వభావము. వ్రేలితో మొనను తాకి బొట్టు చూపవలెను. ఒకటి నేర్చిన తక్కినవి చూచి నేర్చును. ప్రతి కోడియు త్రాగుటను స్వయముగా కన్నులార చూచువరకును మూకుడు గూటిలోనే యుండవలెను. ఎండకాలమున ఈ మార్పు మొదలే పెట్టరాదు.

నేను చేసిన పొరపాటు

ఈ ఆరు నియమములును నేను పుస్తకమున చదివి నేర్చినవి కావు. కొన్ని వేసవుల క్రిందట మే నెలలో, పదునొకండు పెట్టలున్న మా గూటికి నేనే నిపుళ్లు అమర్చితిని. బక్కెట్టు, నల్లని గొట్టము, నాలుగు నిపుళ్లు. పడమటి గోడ వెంబడి గొట్టమును చక్కగా బిగించి, పని ముగిసినదను సంతోషముతో మూకుడును కడిగి అటకపై పెట్టితిని. మరునాడు బంధువుల ఇంట పెండ్లికి రెండు దినములు పోవలసివచ్చినది. బక్కెట్టు నిండుగా నున్నది గదా యని ధైర్యము. పొరుగింటి వదినెగారితో, వదినా, ఒకమారు నీళ్లు చూడుమని చెప్పి పోతిని. ఆమె పూటపూటకు వచ్చి చూచినది. బక్కెట్టు నిండుగనే యున్నది. కోళ్లకు కొదువలేదని తలచి తిరిగిపోయినది.

నేను వచ్చునప్పటికి ఏడు పెట్టలు గోడవార పడియుండెను. తక్కిన నాలుగు నోళ్లు తెరచి రొప్పుచుండెను. గొట్టమును తాకిన చేయి కాలినది. మధ్యాహ్నపు ఎండకు అందలి నీరు స్నానపు నీటికంటె వేడియైనది. మనిషి నోట పోసికొనలేని నీటిని కోడి ముట్టునా? కొన్ని నేర్చియే యుండలేదు, నేర్చినవి నోరు కాల్చుకొని విడిచినవి. పది అడుగుల దూరమున అటకపై మూకుడు బోర్లించియున్నది.

మా ఇంట ఆ గ్రుడ్ల డబ్బు నా భార్య చేతిలో నుండెడిది. పిల్లల పుస్తకములకు, పండుగ ఖర్చులకు ఆమె ఎవరిని అడుగనక్కరలేకుండెను. ఆమె నన్నొక్క మాటయు అనలేదు. మూకుడును దింపి, నీరు పోసి, మిగిలిన నాలుగింటి ముందు పెట్టినది. ఆ మౌనము నాకు నేటికిని వినబడుచున్నది.

పొరుగామె తప్పేమియు లేదు. ఆమె చూడవలసినదేదో నేను చెప్పలేదు. నిండియున్న బక్కెట్టును చూచి మనము ధైర్యపడుదుము. నిజమునకు నిండియున్న బక్కెట్టును చూచియే భయపడవలెను. నీరు తగ్గినచో కోళ్లు త్రాగినట్లు. తగ్గనిచో త్రాగనట్లు. ఇంతే నేను నేర్చిన విద్య.

నాటినుండి మా బక్కెట్టు లోపల గీతలు గీసి, లీటర్ల లెక్క వ్రాసితిని. ప్రతి సాయంకాలము ఎన్ని గీతలు దిగినదో గోడమీది క్యాలెండరులో గుర్తించుచున్నాము. ఈ లెక్క మరియొక మేలు చేసినది. కోడికి జబ్బు చేయబోవు ముందు మేతకంటె ముందుగా నీరు తగ్గుట పలుమార్లు కనబడును. గీత దిగని దినమున గూటిలోనికి తొంగిచూచుట మాకు అలవాటైనది.

వేసవి జాగ్రత్తలు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని మనవారందురు. ఆ దినములలో కోడి చల్లని నీటినే కోరును. బక్కెట్టును చెట్టు నీడనుంచి, తడిసిన గోనెసంచి చుట్టవలెను. నిపుళ్లున్నవారును ఇసుకపై నీడలో నొక మట్టి మూకుడు అదనముగా నుంచవలెను. గొట్టములోని నీటిని మధ్యాహ్నము రెండు మూడు మారులు చివరి కుళాయినుండి వదలి, చల్లని నీరు రానీయవలెను. ఆ నీటిని ఆకుకూర మడికి పోసినచో వృథాయును కాదు. ఊరికి పోవలసివచ్చినచో నీటి భారమును ఒక మనిషికి అప్పగించి, ఏమి చూడవలెనో విప్పి చెప్పిపోవలెను. యంత్రమునకు అప్పగించి పోరాదు.

శుభ్రతయు, టీకాలును

నీరు మనము త్రాగదగినదై యుండవలెను. ట్యాంకరు నీరైనను, బోరు నీరైనను నిలువచేసినచో వెయ్యి లీటర్లకు సుమారు 5 గ్రాముల మంచి బ్లీచింగు పొడిని వేరుగా కొంచెము నీటిలో కలిపి, మడ్డి తేరిన పిదప పైతేటను మాత్రము పోసి, అర గంట ఆగి వాడవచ్చును. జింకు పూసిన రేకు పాత్రలలో వెనిగరు, మజ్జిగ వంటి పులుపులు పోయరాదు. పులుపు జింకును కరిగించి కోడికి విషమగును.

మన పల్లెలలో కొక్కెర తెగులు ఒక్క వారములో గూళ్లను ఖాళీచేయుట పెద్దలెరుగుదురు. దీనికే రాణిఖేతు వ్యాధి యని పేరు. దీనికి టీకా కలదు. కొన్ని టీకాలను నీటిలో కలిపి త్రాగింతురు. అట్టి దినమున బ్లీచింగు కలిపిన నీటిని వాడరాదు. ఆ మందు టీకాలోని జీవశక్తిని చంపును. లీటరునకు 5 గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలుపుట వాడుక. కోళ్లను గంటసేపు దప్పికతో నుంచి, ఉదయపు చల్లదనములో, రెండు గంటలలో త్రాగి ముగించునంత నీటిలోనే కలిపి ఇవ్వవలెను. పది కోళ్లున్న ఇంట కంటిలో చుక్క వేయించుటయే నిశ్చయమైన మార్గము. పశువైద్యుని సలహా తీసికొనుడు.

ఏది ఎన్నుకొనవలెను?

చివరకు ఏది మంచిదని అడుగుదురు. నాలుగయిదు కోళ్లుండి, ఇంటనెప్పుడు మనిషియుండువారికి రెండు మట్టి మూకుళ్లు చాలును. పది, పదిహేను కోళ్లుండి, పూటకొకమారు చూడగలవారికి ఇటుకలపై రెండు బోర్లించిన డబ్బాలు. పెరడు చిన్నదై, తడి పనికిరానివారికి, ఉద్యోగములకు పోయి సాయంకాలము వచ్చువారికి నీడలో నిపుళ్లు, తోడుగా ఒక మూకుడు. బాతులను కలిపి పెంచువారు మాత్రము నిపుళ్లపై ఆధారపడరాదు. బాతు ముక్కు రంధ్రములవరకు ముంచి కడుగుకొను పక్షి. దానికి లోతైన పాత్ర వేరుగా నుండవలెను.

ఏ పద్ధతియైనను మనిషి కన్నునకు బదులు కాదు. మంచి పరికరము మన శ్రమను తగ్గించును గాని మన బాధ్యతను తగ్గింపదు.

మహాశయులారా! ఈ ప్రసంగమును సిద్ధము చేయుచుండగా నాకు మన గ్రంథాలయము తలపునకు వచ్చినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసిన నాటినుండి మన తెలుగుదేశమున గ్రంథాలయములు స్థాపించిన పెద్దలు బీరువాలు నింపుటతో తృప్తిపడలేదు. పుస్తకము ఇల్లిల్లు తిరుగవలెననియే పాటుపడిరి. మన గ్రంథాలయమున ఈ పాతికేండ్లలో బీరువాలు నిండినవి. సంతోషమే. కాని నా బక్కెట్టు నేర్పిన పాఠమును బట్టి మనవి చేయుచున్నాను. అప్పు పుస్తకములో ఈ నెల ఎన్ని గీతలు దిగినవో కూడ చూడుడు. ఇచ్చట నిండిన బీరువాను చూచి ధైర్యపడవద్దు. దప్పికగొన్న పిల్లవానికి అందు ఎత్తున పుస్తకమున్నదా, అది వానికి రుచించునదేనా, వాడు త్రాగుటను మనలో ఎవరైనను కన్నులార చూచినారా అని అడుగుకొందము.

 ఇండ్లకు పోవునప్పుడు ఒక్కమారు గూటివైపు నడచి, నీటిలో చేయి పెట్టి చూచి పోవలసినదని నా ప్రార్థన.